వరి చేలో యూరియా ఎలా వేయాలి: కట్టల లెక్క, నీటి లెక్క, రోజుల లెక్క

"యూరియా చల్లి వారమైంది, చేను ఇంకా పచ్చబడలేదు. ఇంకో అరకట్ట వేయమంటారా?" సార్వా (ఖరీఫ్) ఊడ్పులు ముగిసిన దగ్గర్నుంచి గోదావరి జిల్లాల రైతులు అడిగే ప్రశ్న ఇదే. దాళ్వాలో (రబీలో) మళ్లీ ఇదే. చాలాసార్లు జవాబు "వద్దు" అనే. మొదటి కట్ట (బస్తా) ఎటు పోయిందో తేలకుండా రెండోది వేస్తే అది కూడా అటే పోతుంది.

నిండా నీళ్లున్న మడిలో పైన చల్లిన యూరియాలోని నత్రజని నూటికి ముప్పై నలభై పాళ్లే మొక్కకు అందుతుంది. నీటిలో కరిగిన యూరియా రెండు మూడు రోజుల్లో అమ్మోనియాగా మారుతుంది. మధ్యాహ్నం ఎండకి నీరు వేడెక్కి, నాచు కూడా తోడైతే అది గాలిలో కలిసిపోతుంది. కొంత మడవలోంచి (గట్టులో నీరు పారే గండి) పక్క చేలోకి, అక్కడినుంచి మురుగు కాలువలోకి జారుతుంది. అదే యూరియా బురదలోకి దిగితే మన నల్లరేగడి, ఒండ్రు నేలలు గట్టిగా పట్టి ఉంచుతాయి. సిద్ధాంతం ఇంతవరకు చాలు. కింద చెప్పే పనులన్నీ యూరియాను నీటిలో కాకుండా బురదలో ఉంచడానికే.

కావలసినవి

యూరియా (ఇప్పుడు మామూలుగా వచ్చేది వేపపూత పూసినదే, కట్ట 45 కిలోలు), తూకానికి స్ప్రింగు కాటా, ఒక పాత మగ్గు, రెండు బకెట్లు, టార్పాలిన్, గోనెసంచులు, మెత్తటి పొడిమట్టి, మడవలు కట్టడానికి పార, కొత్త బ్లేడు, దొరికితే ఆకు రంగు పట్టిక (ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే రంగు పట్టీలు). చేతికి కోతలు, పగుళ్లు ఉంటే తొడుగు వేసుకోండి, యూరియా మండుతుంది.

1. ముందు కట్టలను కిలోల్లోకి మార్చండి

"ఎకరాకు రెండు కట్టలు" అనే లెక్కతోనే సగం తప్పులు మొదలవుతాయి. ఒకప్పుడు కట్ట 50 కిలోలు, 2018 నుంచి 45 కిలోలు. సిఫార్సులు చెప్పేది కట్టల్లో కాదు, నత్రజని కిలోల్లో.

45 కిలోల యూరియా కట్టలో నత్రజని 20.7 కిలోలు. 50 కిలోల డీఏపీ కట్టలో 9 కిలోలు, 20-20-0-13 (ఇలాంటివి కాంప్లెక్సు ఎరువులు, మొదటి అంకె నత్రజని శాతం) కట్టలో 10, 28-28-0 కట్టలో 14, 10-26-26 కట్టలో 5 కిలోలు. దమ్ములో (ఊడ్పుకి ముందు నీరు పెట్టి దున్ని బురద చేసేటప్పుడు) వేసిన డీఏపీ, కాంప్లెక్సులోని నత్రజనిని మొత్తంలోంచి తీసేయాలి. ఈ తీసివేత చేయకుండా పూర్తి యూరియా కూడా వేసేవారు చాలామంది. ఆ మిగులంతా చివరికి సుడిదోమకు (వరి రసం పీల్చే పురుగు) మేత అవుతుంది.

సార్వాకి ఎకరాకు 36 కిలోల నత్రజని అనుకుందాం. దమ్ములో ఒక కట్ట డీఏపీ వేస్తే 9 పోతాయి, మిగిలేవి 27. దాన్ని 0.46తో (యూరియాలో నత్రజని 46 శాతం) భాగిస్తే సుమారు 59 కిలోల యూరియా. అంటే ఒక కట్ట, మీద 14 కిలోలు. అంతే.

దాళ్వాలో ఎండ బాగుంటుంది, పైరు ఎక్కువ తింటుంది, సిఫార్సు కూడా ఎక్కువే. 60 కిలోల లెక్కకి కట్టన్నర డీఏపీ వేస్తే అందులో 13.5 పోతాయి, మిగతా 46.5 కిలోలకి 101 కిలోల యూరియా పడుతుంది. ఈ 36, 60 లెక్క చూపడానికి వేసిన అంకెలు. మీ రకానికి, మీ మట్టి పరీక్షకి ఎంత అన్నది రైతు సేవా కేంద్రంలో అడిగి ఆ అంకె ఇక్కడ పెట్టుకోండి. జీలుగ గానీ పిల్లిపెసర గానీ పచ్చిరొట్టగా బాగా పెరిగి దమ్ములో కలియదున్ని ఉంటే, వచ్చిన అంకెలో నాలుగో వంతు తగ్గించినా పైరు వెనకపడదు.

2. మూడు దఫాలుగా పంచండి

ఊడ్చిన చేనుకి మూడు సమపాళ్లు: దమ్ములో ఒకటి, పిలకలు వేసేటప్పుడు ఒకటి, చిరుపొట్టకి (కాండం లోపల వెన్ను అంకురించే దశ) ఒకటి. పై సార్వా లెక్కలో దఫాకి 12 కిలోల నత్రజని. మొదటి దఫాలో 9 డీఏపీ నుంచే వచ్చింది కాబట్టి దమ్ములో పడాల్సిన యూరియా ఆరేడు కిలోలే. మిగతా రెండు దఫాల్లో 26 కిలోల చొప్పున.

దమ్ములో వేసేది ఆఖరి దమ్ముకి ముందు, నీరు పలుచగా ఉన్నప్పుడు చల్లి దమ్ములో కలిసిపోయేలా చూడాలి. చదును చేశాక పైన చల్లితే అది పైపాటే అవుతుంది, దమ్ములో వేసినట్టు కాదు.

భాస్వరం మొత్తం దమ్ములోనే. పిలకల దశలో 28-28 గానీ డీఏపీ గానీ పైపాటుగా వేయడం మన దగ్గర బాగా అలవాటు. చేను పచ్చబడేది అందులోని నత్రజని వల్ల. ఆ పచ్చదనం 266 రూపాయల 50 పైసల యూరియా కట్టతోనూ వస్తుంది.

వెదజల్లిన చేను, డ్రమ్ సీడర్ (మొలక విత్తనాన్ని వరసల్లో రాల్చే పరికరం) చేను అయితే పద్ధతి వేరు. మొలకకి అప్పుడే నత్రజని తాగే వేళ్లుండవు. దమ్ములో యూరియా వేస్తే కలుపు తింటుంది. కాబట్టి దమ్ములో కాంప్లెక్సు ద్వారా వచ్చేదానితో సరిపెట్టి, మిగతాది విత్తిన 15–20 రోజులకి, 35–40 రోజులకి, చిరుపొట్టకి పంచండి.

3. నీరు తీయండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే. అందరూ వదిలేసేదీ ఇదే.

వేసే ముందురోజు మడవ తెరిచి నీరు వదిలేయండి. అడుగు పెడితే పాదం బురదలో దిగి, అడుగుజాడలో మాత్రం కొద్దిగా నీరు ఊరాలి. ఆ పదునులో చల్లాలి. నెర్రెలిచ్చేదాకా ఆరబెట్టకండి. ఆరి మళ్లీ తడిస్తే నేలలో ఉన్న నత్రజని కూడా పోతుంది, కలుపు ఎలాగూ లేస్తుంది.

వంతులవారీ నీటి కింద ఉన్న దాళ్వా చేలలో "నీరు వదిలేస్తే మళ్లీ ఎప్పుడొస్తుందో" అన్న భయం న్యాయమైనదే. అలాంటప్పుడు ఉన్న నీరు వదలకండి. దాన్ని చేలోనే ఇంకనివ్వండి. మీ వంతు వచ్చే రెండు రోజుల ముందు సాయంత్రానికి చేను బురద పదునుకు వచ్చేలా చూసుకోండి, అప్పుడు యూరియా చల్లండి. వంతు నీరు వచ్చాక పలుచగా పెట్టుకోండి. వంతు తేదీ చూసుకుని యూరియా తేదీ పెట్టుకోవాలి. యూరియా వేసేసి నీటికోసం ఎదురుచూడటం తలకిందుల పని.

మడి నుంచి మడికి నీరు పారే చోట మరో చిక్కు ఉంది. పై చేను వాళ్లు ఆరోజు నీరు వదిలితే మీ యూరియా కింది చేనుకి చేరుతుంది. ముందే మాట అనుకుని రెండు రోజులు మీ మడవలు రెండు పక్కలా గట్టిగా కట్టేయండి. ఎండ్రకాయ బొరియలు కూడా చూసి తొక్కండి. మడవ కట్టి, బొరియ వదిలేస్తే కట్టినా కట్టనట్టే.

నీరు అసలు దిగని పల్లపు చేనైతే రెండు దారులు. ఒకటి, కింద చెప్పినట్టు మట్టి పట్టించిన యూరియా వేయడం. మట్టి బరువుకి అది నీటి అడుగుకు చేరుతుంది. రెండు, తడిమట్టితో చిన్న ఉండలు చేసి ఉండకి రెండు మూడు గ్రాముల యూరియా పెట్టి, నాలుగు దుబ్బుల మధ్య మూడు నాలుగు అంగుళాల లోతున నొక్కడం. ప్రతి నాలుగు దుబ్బులకు ఒక ఉండ సరిపోతుంది, ఒక దుబ్బుకి రెండు పక్కలా పెట్టనక్కర్లేదు. బాగా పనిచేస్తుంది గానీ కూలి ఎక్కువ. అరెకరం, పాతిక సెంట్ల వాళ్లకి తప్ప గిట్టదు.

4. మట్టి పట్టించండి

యూరియాకి ఐదు రెట్లు మట్టి. 26 కిలోలకి 130 కిలోలు. మట్టి తేమ ఎలా ఉండాలంటే, పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. టార్పాలిన్ మీద ఒక వరస మట్టి, ఒక వరస యూరియా వేసి పారతో రెండుసార్లు తిప్పి, గోనెసంచులు కప్పి నీడలో ఒకటి రెండు రోజులు ఉంచండి. రెండు రోజులు దాటనివ్వద్దు. సంచి ఎత్తగానే ముక్కు అదిరే వాసన వస్తుంటే నత్రజని కుప్పలోనే పోతున్నట్టు, వెంటనే చల్లేయండి.

వెనకటి సిఫార్సుల్లో 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి కలపమని ఉండేది. ఇప్పుడు యూరియాకే వేపపూత ఉంది కాబట్టి అది లేకపోయినా ఫర్వాలేదు.

కూలీలు లేకపోతే ఈ అడుగు వదిలేసినా, మూడోది (నీరు తీయడం) మాత్రం వదలద్దు. బురద పదునులో చల్లిన ఉత్త యూరియా, నిండు నీటిలో చల్లిన మట్టి యూరియా కంటే మేలే.

కలపకూడనివి: బూడిద, సున్నం (అమ్మోనియా ఎగిరిపోతుంది), సూపర్ ఫాస్ఫేట్ (ముద్దవుతుంది). పొటాష్ కలపవచ్చు గానీ కలిపినరోజే చల్లాలి. జింకు సల్ఫేటును డీఏపీ, సూపర్ లాంటి భాస్వరం ఎరువులతో కలపకండి, మధ్యలో కనీసం మూడు రోజులు ఎడం ఇవ్వండి.

గుళికల రూపంలోని పురుగుమందును యూరియాలో కలిపి ఒకే చేత్తో చల్లడం కూలి కలిసొచ్చే పనిగా కనిపిస్తుంది. గుళికలు పనిచేయాలంటే చేలో పలుచగా నీరు నిలిచి ఉండాలి, యూరియాకి నీరు తీసి ఉండాలి. ఇద్దరికీ ఒకే మంచం కుదరదు. గుళికలను ఇసుకలో కలిపి వేరేరోజు వేయండి.

5. చల్లడం

ఎకరాకు 26 కిలోలంటే సెంటుకు 260 గ్రాములు, పది సెంట్లకు 2 కిలోల 600 గ్రాములు. మట్టి పట్టించినదైతే మొత్తం 156 కిలోలు కాబట్టి సెంటుకు సుమారు కిలోన్నర. మగ్గుతో ఒకసారి తూచి, మగ్గుకి ఎంతో గుర్తు పెట్టుకోండి. చేనుని పది పదిహేను సెంట్ల ముక్కలుగా మనసులో విడగొట్టి, ముక్కకి ఎన్ని మగ్గులో ముందే బకెట్లో పోసుకోండి. ఇలా చేయకపోతే మొదటి సగం చేను ఎక్కువ తింటుంది, చివరి సగానికి చేయి బిగుస్తుంది.

ముక్కకి ఉద్దేశించినదాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి నిలువునా నడుస్తూ, రెండోది అడ్డంగా నడుస్తూ చల్లండి. ప్రతి రెండు మీటర్లకి కాలిబాట వదిలి ఊడ్చి ఉంటే పని తేలిక. గట్టు మీద నిలబడి విసిరితే మధ్య చేనుకి అందదు, గట్టు అంచు ముదురు పచ్చగా కొవ్వెక్కుతుంది.

వేళ: సాయంత్రం నాలుగు దాటాక, ఆకు పొడిగా ఉన్నప్పుడు. పొద్దున్న మంచు పడి ఆకు తడిగా ఉంటే పలుకులు అంటుకుని ఆకు మచ్చలు మచ్చలుగా మాడుతుంది. ఆ మచ్చల్ని అగ్గి తెగులనుకుని మందు కొట్టేవారూ ఉన్నారు. గట్టి వాన సూచన ఉంటే ఆ రెండు రోజులు ఆగండి. కలుపు తీయకుండా మాత్రం చల్లకండి.

6. తిరిగి నీరు పెట్టడం

చల్లిన 36 నుంచి 48 గంటలకి ఒక అంగుళం నీరు, ఆపైన రెండు అంగుళాలు. వెంటనే నిండుగా పెడితే ఇంకా బురదలోకి దిగని యూరియా పైకి తేలుతుంది. నాలుగైదు రోజులు మడవ తెరవకండి.

7. పచ్చబడిందో లేదో చూడటం

ఐదారు రోజులకి చూడండి, రెండో రోజే కాదు. చారలు చారలుగా పచ్చబడితే చల్లడంలో తేడా. ఒక మూల మాత్రమే పచ్చబడితే నీరు అటు జారింది, చదును సరిలేదు. అసలు మార్పే లేకపోతే ఇంకో కట్టకి పోకుండా రెండు మూడు దుబ్బులు పీకి వేళ్లు చూడండి.

వేళ్లు తెల్లగా, కొత్తవి వస్తూ ఉండి, అడుగు ఆకులు కొన నుంచి పసుపు తిరుగుతుంటే నత్రజని లోపమే. వేళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే మురుగు, ఆ చేనుకి యూరియా కాదు, నీరు తీసి గాలి తగలనివ్వడమే మందు. ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలతో మొక్క గిడసబారితే జింకు లోపం: లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. దాళ్వాలో డిసెంబరు, జనవరి చలికి చేను పసుపుగా కూర్చోవడం ఇంకో రకం. చలి తగ్గితే అదే లేస్తుంది, ఆ రోజుల్లో వేసిన యూరియాని వేళ్లు అందుకోలేవు.

ఆకు రంగు పట్టిక ఉంటే ఊడ్చిన రెండు వారాల నుంచి పూత దాకా వారం పది రోజులకోసారి చూడండి. పది దుబ్బుల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకుని, మధ్యభాగంలో, మీ నీడలో పెట్టి పోల్చాలి. ఎండలో పెడితే ఆకు లేతగా కనిపిస్తుంది. ప్రతిసారీ అదే మనిషి, ఇంచుమించు అదే వేళ. స్వర్ణ, సాంబమసూరి లాంటి వాటికి 3వ పట్టీ, హైబ్రిడ్లకు 4వ పట్టీ గీటుగా వాడతారు. పదిలో ఆరు ఆకులు గీటు కంటే లేతగా ఉంటే సార్వాలో ఎకరాకు 20 కిలోలు, దాళ్వాలో 30 కిలోల యూరియా. లేకపోతే ఆ వారం ఏమీ వద్దు. పట్టికను నమ్ముకుంటే ముందు వేసుకున్న దఫాల లెక్క పక్కన పెట్టాలి. రెండూ కలిపితే రెట్టింపు పడుతుంది.

8. చిరుపొట్ట దఫా: రోజులు కాదు, దుబ్బు చూసి

ఎక్కువ తప్పులు ఇక్కడే. "ఊడ్చిన నలభై రోజులకి" అని అన్ని రకాలకూ ఒకే లెక్క పెడుతున్నారు. చిరుపొట్ట కోతకి సుమారు 65 రోజుల ముందు కడుతుంది, అంటే పంటకాలంలోంచి 65 తీసేయాలి. 150 రోజుల స్వర్ణకి విత్తిన 85 రోజులకి వస్తుంది, 30 రోజుల నారు ఊడ్చి ఉంటే ఊడ్చిన 55 రోజులకి. 120 రోజుల ఎంటీయూ 1010కి విత్తిన 55 రోజులకే. పాతిక రోజుల నారైతే ఊడ్చిన నెలకే చిరుపొట్ట!

అంటే స్వర్ణకి నలభైకి వేస్తే అదంతా పనికిరాని పిలకలకి పోతుంది. 1010కి నలభైకి వేస్తే పది రోజులు ఆలస్యం, గింజల సంఖ్య అప్పటికే తేలిపోయింది. స్వల్పకాలిక రకాలకి పిలకల దఫా ఊడ్చిన 15 రోజుల్లోపే పడిపోవాలి, లేకపోతే రెండు దఫాలూ మీద మీద పడతాయి.

లెక్క ప్రకారం రావాల్సిన రోజుకి నాలుగైదు రోజుల ముందు నుంచి చూడండి. చేను మధ్యలో పది దుబ్బుల నుంచి తల్లి పిలకను వేరుతో తీసి, ఆకు తొడుగులు ఒలిచి, మొదట్లో బ్లేడుతో నిలువునా చీల్చండి. కణుపులు విడిపోవడం మొదలై, పై కణుపు మీద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తెల్లటి దూది కొన లాంటిది కనిపిస్తే అదే అంకురం. పదిలో ఐదింటిలో కనిపిస్తే ఆ రెండు మూడు రోజుల్లో యూరియా పడాలి. తేలిక నేలల్లో దమ్ములో సగం పొటాష్ ఆపి ఉంచితే ఆ సగం కూడా ఇప్పుడే.

చేలో పాముపొడ, ఎండాకు తెగులు, సుడిదోమ కనిపిస్తుంటే ఈ దఫా ఆపి ముందు దాన్ని అదుపు చేయండి. పొట్టలో వెన్ను నిండాక, ఈనిక మొదలయ్యాక యూరియా వద్దు. అప్పుడు వేసింది ఆకుకి పోతుంది. ముదురు పచ్చగా మెత్తబడ్డ చేను అక్టోబరు, నవంబరు తుపాను గాలికి ముందుగా పడిపోతుంది.

పిచికారీతో సరిపోతుందా?

2 శాతం యూరియా ద్రావణం, అంటే లీటరుకి 20 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లకి 4 కిలోల యూరియా. అందులో నత్రజని 1.84 కిలోలు. వేళ్లు దెబ్బతిన్న చేనుకి ఊతగా బాగుంటుంది, సాయంత్రం కొట్టండి. పైపాటుకి బదులు మాత్రం కాదు. నానో యూరియా విషయంలో కూడా లెక్క మీరే వేసుకోండి: మొదట వచ్చిన, 4 శాతం నత్రజని ఉన్న 500 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 20 గ్రాములు, కట్టలో ఉండేది 20 కిలోలు. పైపాటు ఆపేసి సీసా నమ్ముకుంటే చేను లేతబడటం మూడు వారాల్లో మీకే కనిపిస్తుంది.

వరద తీశాక

సార్వాలో పిలకల దశలో చేను మునిగితే, నీరు దిగిన మర్నాడే యూరియా చల్లకండి. మడవలు తెరిచి నీరు పూర్తిగా తీసి, కొత్త ఆకు, తెల్ల వేరు కనిపించేదాకా ఆగి, ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయండి. ఆకుల మీద ఒండ్రు పట్టి ఉంటే ముందు శుభ్రమైన నీటితో కడిగినట్టు పిచికారీ చేయాలి. పొట్ట దశలో మునిగిన చేనుకి యూరియా జోలికి పోవద్దు.

మిగిలిన యూరియా కట్ట మూతి బిగించి, నేల తగలకుండా చెక్క మీద పెట్టండి. యూరియా బకెట్లు గేదెలు తాగే కుడితి దగ్గర కడగకండి, ఆ నీళ్లు తాగితే పశువు గంటల్లో పడిపోతుంది. ఖాళీ సంచుల్లో తవుడు, దాణా నింపేవాళ్లు ముందు బాగా ఉతికి ఎండబెట్టాలి.